కరిగించకముందే రాసిపెట్టండి



ఈ నెల పాఠం పాత నాణేల గురించి. ఎప్పటిలాగే చిన్న వాక్యాల్లో రాస్తున్నాను. కొత్త మాట వస్తే దాని అర్థం అక్కడే చెబుతాను. చివర మీకు ఒక పని కూడా ఉంది. పైకి చదవండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళకు వినిపిస్తూ చదవండి. ఈ పాఠానికి వాళ్ళ సాయం కావాలి.

నెల్లూరు రైతు నాగలి

1786వ సంవత్సరం. నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతున్నాడు. నాగలి కర్రు దేనికో తగిలి ఆగిపోయింది. కర్రు అంటే నాగలి కింద ఉండే ఇనుప ముక్క. మట్టిని చీల్చేది అదే. రైతు తవ్వి చూశాడు. ఇటుకలు కనిపించాయి. ఇంకా తవ్వితే ఒక చిన్న పాత గుడి కట్టడం బయటపడింది. దాని కింద ఒక చిన్న కుండ. కుండలో బంగారు నాణేలు. అవి మన రాజులవి కావు. రెండో శతాబ్దంలో రోము నగరం నుంచి ఏలిన చక్రవర్తులవి.

రైతు ఏం చేశాడు? అప్పట్లో ఎవరైనా ఏం చేసేవాళ్ళో అదే చేశాడు. పాత బంగారం కింద అమ్మేశాడు. చాలా నాణేలు కరిగిపోయాయి. సంగతి ఆర్కాటు నవాబు కొడుకు అమీర్ ఉల్ ఉమరా దాకా వెళ్ళింది. ఆయన ముప్పైకి పైగా నాణేలు రాబట్టాడు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిని చూసి ఒక ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం ఏషియాటిక్ రిసెర్చెస్ అనే పత్రిక రెండో సంపుటంలో అచ్చయింది. మనకు ఈ కథ తెలిసింది దానివల్లే.

కొన్ని నాణేలు అప్పుడే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయని డేవిడ్‌సన్ రాశాడు. టంకశాల అంటే ప్రభుత్వం నాణేలు తయారుచేసే చోటు. ఇంకొన్ని అరిగిపోయి, కన్నాలు పడి ఉన్నాయని కూడా రాశాడు. ఎవరో వాటిని నగల్లా వేసుకుని ఉంటారని ఆయన ఊహ. మనకది వింతగా అనిపించదు. కాసు అంటే నాణెం. కాసులన్నీ వరసగా గుచ్చితే కాసులపేరు. మన అవ్వల మెడలో చూసిందే కదా.

ఇప్పుడు ఆ ఉత్తరాన్ని ఒక టీచరు చూసినట్టు చూడండి. అందులో గవర్నరు పేరు ఉంది. నవాబు కొడుకు పేరు ఉంది. నాణేల మీద ఉన్న ట్రాజన్, హేడ్రియన్, ఫౌస్టీనాల పేర్లు ఉన్నాయి. దున్నిన రైతు పేరు లేదు. ఊరి పేరు లేదు. కుండలో మొదట ఎన్ని నాణేలు ఉన్నాయో లేదు. ఆ చిన్న గుడి ఏ దేవుడిదో లేదు. బంగారం పోయినందుకు నాకు అంత బాధ లేదు. బంగారం ఎక్కడికీ పోదు, ఇంకెవరి మెడలోనో ఉంటుంది. పోయింది ఆ వివరం. దాన్ని మళ్ళీ ఏ పొలంలో తవ్వినా తీయలేం.

అక్కన్‌పల్లి వెండి

నెల్లూరుది బంగారం కథ. ఇప్పుడు వెండి కథకు వద్దాం. రోము వాళ్ళ వెండి నాణేన్ని దెనారియస్ అంటారు. అమెరికాలో మన జేబులో ఉండే డైమ్ తెలుసు కదా. దెనారియస్ వెడల్పు దాదాపు అంతే. కానీ మందం ఎక్కువ. బరువు నాలుగు గ్రాములకు కొంచెం తక్కువ.

తెలంగాణలో నల్లగొండ జిల్లాలో అక్కన్‌పల్లి అనే ఊరుంది. అక్కడ ఇలాంటి వెండి నాణేలు 1,531 దొరికాయి. కరీంనగర్ జిల్లా నుస్తులాపూర్‌లో ఇంకో 39 దొరికాయి. నెల్లూరు నాణేల గతి వీటికి పట్టలేదు. ఇవి లెక్కకు వచ్చాయి. 1965లో పరమేశ్వరీలాల్ గుప్తా అనే నాణేల పండితుడు ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోము నాణేల మీద ఒక పుస్తకం వేశాడు. ఎక్కడ దొరికాయి, ఎన్ని దొరికాయి, ఏ చక్రవర్తివి అని అందులో పట్టీ ఉంటుంది. పట్టీ అంటే వరసగా రాసిన జాబితా.

ఒక చిన్న లెక్క చేద్దాం. పిల్లలుంటే వాళ్ళను చేయమనండి. ఒక నాణెం 3.7 గ్రాములు అనుకుందాం. 1,531 నాణేలు ఎంత తూగుతాయి? అయిదున్నర కిలోలకు కొంచెం పైన. కంసాలి దగ్గరికి తీసుకువెళితే దాని జవాబు అంతే. అయిదున్నర కిలోల వెండి. పట్టీ ఇచ్చే జవాబు వేరు. అగస్టస్ చక్రవర్తి కాలంలో రోము సైన్యంలో మామూలు సిపాయి జీతం ఏడాదికి 225 దెనారియస్‌లు. అంటే నల్లగొండ మట్టిలో దాదాపు ఏడేళ్ళ సిపాయి జీతం ఉంది. అది ఒక్క కూలివాడి డబ్బు కాదు. పెద్ద వ్యాపారం చేసినవాడిదో, పదిమంది కలిపి దాచుకున్నదో అయి ఉండాలి.

నాణెం మీద ఏముంది

మన దేశంలో దొరికే రోము వెండిలో రెండు రకాలు ఎక్కువ. మొదటిది అగస్టస్‌ది. ఒక వైపు ఆయన తల. రెండో వైపు ఇద్దరు కుర్రవాళ్ళు నిలబడి ఉంటారు. వాళ్ళ పేర్లు గాయస్, లూషియస్. అగస్టస్ కూతురి కొడుకులు. ఆయన వాళ్ళను దత్తత తీసుకున్నాడు. వాళ్ళ మధ్య డాళ్ళు, ఈటెలు ఉంటాయి. రెండోది తర్వాత వచ్చిన టైబీరియస్‌ది. ఒక వైపు ఆయన తల. రెండో వైపు కుర్చీలో కూర్చున్న ఒక స్త్రీ, చేతిలో ఒక కొమ్మ. ఆమె టైబీరియస్ తల్లి లివియా అని చాలామంది అంటారు.

ఇవి ఇప్పటి ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో తయారయ్యాయి. అక్కడి నుంచి నల్లగొండకు ఎలా వచ్చాయి? మధ్యధరా సముద్రం మీద ఈజిప్టుకు. ఈజిప్టులో ఎడారి దాటి ఎర్ర సముద్రపు రేవులకు. అక్కడి నుంచి నైరుతి గాలి పట్టుకుని మన పడమటి తీరానికి. నైరుతి గాలి అంటే మనకు వాన తెచ్చే గాలి. అక్కడి నుంచి బండ్ల మీద, ఎడ్ల మీద లోపలి ఊళ్ళకు.

వచ్చింది ఊరికే కాదు. మిరియాలు, ముత్యాలు, నూలు బట్టలు కొనడానికి వచ్చింది. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు సముద్ర వ్యాపారం మీద ఒక పుస్తకం రాశాడు. దాని పేరు పెరిప్లస్. అందులో మసాలియా అనే ప్రాంతం వస్తుంది. అది మన మచిలీపట్నం వైపు కృష్ణా తీరం. అక్కడ నూలు బట్ట చాలా నేస్తారని రాశాడు. మన నేతగాళ్ళ పని అంత దూరం తెలుసన్నమాట.

అదే శతాబ్దంలో ప్లీనీ అనే రోము పండితుడు దీని మీద విసుక్కున్నాడు. ఏటా అయిదు కోట్ల సెస్టర్సులు ఇండియాకు పోతున్నాయని లెక్క చెప్పాడు. నాలుగు సెస్టర్సులైతే ఒక దెనారియస్. అంటే కోటీ పాతిక లక్షల దెనారియస్‌ల విలువ. ఆయన ఇంకో ముచ్చట కూడా చెప్పాడు. సింహళ రాజు రోము నాణేలను చూశాడట. వాటి మీద వేరువేరు చక్రవర్తుల తలలు ఉన్నాయి. కానీ బరువు మాత్రం అన్నిటికీ ఒకటే. రాజులు మారినా తూకం మారని దేశం నమ్మదగిన దేశం అని ఆ రాజు మెచ్చుకున్నాడట.

ఆ నమ్మకం ఎంతోకాలం నిలవలేదు. సామాన్య శకం 64లో నీరో చక్రవర్తి దెనారియస్ బరువు తగ్గించాడు. వెండి పాలు కూడా తగ్గించాడు. మన వైపు దొరికే వెండి నాణేల్లో ఎక్కువ భాగం ఆ మార్పుకు ముందువి. ఏది మంచి వెండో మన వ్యాపారులకు బాగా తెలుసు అన్నమాట. ఈ సంగతి ఒక నాణెం చూస్తే తెలియదు. వందల నాణేలు ఏవి ఎక్కడ దొరికాయో రాసిపెట్టి, పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

మన దేశంలో దొరికిన రోము నాణేల్లో కొన్నిటి మీద చక్రవర్తి ముఖానికి అడ్డంగా ఒక గాటు ఉంటుంది. గాటు అంటే కత్తితోనో ఉలితోనో కోసిన గుర్తు. లోపల కూడా వెండే ఉందా, పైన పూతేనా అని చూడటానికి కోశారని కొందరంటారు. ఇక ఇది డబ్బుగా చెల్లదు, లోహంగానే చూడండి అని చెప్పడానికి కోశారని ఇంకొందరంటారు. కొన్ని నాణేలు అసలు రోములో చేసినవే కావు. ఇక్కడి వాళ్ళు అసలుదాన్ని చూసి అచ్చం అలాగే చేశారు. లాటిన్ అక్షరాలు రాక, అక్షరాల చోట గీతలు, సున్నాలు పెట్టారు. గుడి బడిలో మొదటి నెల నా పలక కూడా అలాగే ఉండేది. అందుకే ఆ పనివాళ్ళంటే నాకు ఇష్టం.

ఒక మాట కూడా ఆ నాణేలతో వచ్చింది. దెనారియస్ మన దేశంలో దీనారం అయింది. కృష్ణ ఒడ్డున ఉన్న నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజుల కాలపు శాసనాలు దొరికాయి. శాసనం అంటే రాతి మీద చెక్కిన రాత. వాటిలో ఒకదానిలో 170 దినారి మాషకాలు దానం ఇచ్చినట్టు ఉంది. ఆ ప్రాంతం తర్వాత నాగార్జునసాగర్ నీళ్ళలో మునిగింది. మునగకముందు తవ్వి, చూసి, రాసిపెట్టారు. కాబట్టి ఈ మాట మనకు మిగిలింది.

దొరికినవాడు ఏం చేయాలి

ఇండియాలో దీనికి 1878లో ఒక చట్టం వచ్చింది. మట్టిలో పది రూపాయలకు మించిన విలువైనది దొరికితే కలెక్టరుకు చెప్పాలి. అసలు సొంతదారు ఎవరూ లేకపోతే మూడు వంతులు దొరికినవాడివి, ఒక వంతు నేల సొంతదారుడిది. ప్రభుత్వం తనకు కావాలంటే లోహం విలువకు ఇంకో అయిదో వంతు కలిపి ఇచ్చి తీసుకోవచ్చు. దాచిపెడితే ఏడాది దాకా జైలు. చట్టం కాగితం మీద బాగానే ఉంది. కానీ కూలి పనికి వెళ్ళినవాడికి కుండ దొరికిందనుకోండి. కలెక్టరు ఆఫీసు దూరం. కంసాలి కొట్టు దగ్గర. కలెక్టరు రేపు రమ్మంటాడు. కంసాలి ఇవాళే డబ్బిస్తాడు. వెండి ఏ దారి పడుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇంగ్లండ్, వేల్స్ దేశాల్లో ఇంకో పద్ధతి ఉంది. అక్కడ 1996లో కొత్త చట్టం చేశారు. పాతవైన బంగారు, వెండి నాణేలు రెండో అంతకన్నా ఎక్కువో కలిసి దొరికితే అధికారికి చెప్పి తీరాలి. ఒక్క నాణెమే దొరికితే చట్టం అడగదు. అయినా చాలామంది చెబుతున్నారు. కారణం 1997లో మొదలైన ఒక పథకం. దాని పేరు పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్. ఒక్కో ప్రాంతానికి ఒక ఉద్యోగి ఉంటారు. మీకు పొలంలో ఒక దెనారియస్ దొరికిందనుకోండి. ఆ ఉద్యోగికి చూపిస్తారు. ఆయన తూచి, కొలిచి, రెండు వైపులా ఫోటో తీస్తారు. ఏ చక్రవర్తిదో, ఏ ఊరి టంకశాలదో చెబుతారు. ఎక్కడ దొరికిందో రాసుకుంటారు. నాణేన్ని మళ్ళీ మీ చేతిలోనే పెడతారు. మీ నాణెం మీకుంటుంది, దాని కథ అందరికీ ఉంటుంది. ఇప్పటికి పది లక్షలకు పైగా వస్తువులు ఇలా నమోదయ్యాయి. నమోదు అంటే పుస్తకంలోకో పట్టీలోకో ఎక్కించడం. దొంగలు వచ్చి తవ్వకుండా సరైన చోటును అందరికీ చూపించరు. పరిశోధన చేసేవాళ్ళకు మాత్రం ఇస్తారు.

దీనివల్ల లాభం ఏమిటో ఒక్క ఉదాహరణ చెబుతాను. 2010లో సోమర్‌సెట్‌లో ఒకాయనకు పొలంలో ఒక పెద్ద కుండ అంచు కనిపించింది. లోపల నాణేలు. ఆయన తవ్వడం ఆపేశాడు. పురావస్తు శాస్త్రం తెలిసినవాళ్ళను పిలిచాడు. వాళ్ళు కుండను ఒక్కసారి బోర్లించలేదు. పొరలు పొరలుగా తీశారు. లెక్క పెడితే 52,503 నాణేలు. ఎక్కువ భాగం తక్కువ వెండి కలిపినవి, కంచువి. కారౌసియస్ అనే రాజు నాణేల్లో అయిదు మాత్రం మంచి వెండివి. కుండలో అన్నిటికన్నా కొత్త నాణేలు ఆ కారౌసియస్‌వే. ఏటా కొంచెం కొంచెం దాచి ఉంటే కొత్తవి పైన ఉండాలి కదా? అవి లోపలి పొరల్లో దొరికాయి. అంటే కుండను ఒకేసారి నింపారు. ఆయన ఆత్రంగా కుండ బోర్లించి ఉంటే నాణేలు అన్నే ఉండేవి. ఈ సంగతి మాత్రం తెలిసేది కాదు.

అమెరికాలో దొరికితే

మనం ఉండేది అమెరికాలో. ఇక్కడ కూడా అప్పుడప్పుడు ఎవరికో తోటలోనో నది ఒడ్డునో రోము నాణెం దొరుకుతుంది. వెంటనే కొలంబస్ కన్నా ముందే రోము వాళ్ళు ఇక్కడికి వచ్చారని కబుర్లు మొదలవుతాయి. 1980లో జెరమయా ఎప్‌స్టీన్ అనే మానవశాస్త్ర పండితుడు అలాంటి కబుర్లు దాదాపు నలభై పరిశీలించాడు. ఒక్కటీ నిలబడలేదు. పాత నాణేలు పోగుచేసేవాళ్ళ చేతి నుంచి జారిపోయినవి అయి ఉండవచ్చు. చూడండి, అదే అగస్టస్, అదే వెండి. నల్లగొండలో అది వ్యాపార చరిత్రకు సాక్ష్యం. ఇక్కడి తోటలో అది ఎవరి జేబులోంచో పడిపోయిన బిళ్ళ. తేడా లోహంలో లేదు. తేడా చోటులో ఉంది.

మీ ఇంట్లో పాత రోము నాణెం ఉంటే పోల్చి చూసుకోవడానికి ఒక దారి ఉంది. 1858లో న్యూయార్క్‌లో మొదలైన అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ రోము సామ్రాజ్యపు నాణేలన్నిటికీ ఒక పెద్ద పట్టీని ఉచితంగా అందరికీ అందుబాటులో పెట్టింది. తల బొమ్మ, అక్షరాలు చూసి మీ నాణెం ఏదో మీరే వెతుక్కోవచ్చు. మా స్కూల్లో పిల్లలకు నేను ఈ పని ఇస్తుంటాను. లాటిన్ రాని పిల్లలు కూడా గంటలో కనుక్కుంటారు.

ఒక హెచ్చరిక. పెద్దల ఊరు చూడటానికి ఆంధ్రకో తెలంగాణకో వెళతారు. ఎవరో వచ్చి పొలంలో దొరికిన పాత నాణెం అని చూపిస్తారు. కొనకండి. ఇండియాలో 1972 చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన పురాతన వస్తువును మామూలు మనుషులు దేశం దాటించకూడదు. 2024 జులైలో ఇండియా, అమెరికా కూడా ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అక్కడి పురాతన వస్తువులు దొంగదారిన ఇక్కడికి రాకుండా ఆపడానికే అది. చట్టం మాట అలా ఉంచండి. మీరు కొంటే ఆ నాణెం పొలం నుంచి నేరుగా మీ సంచిలోకి వస్తుంది. మధ్యలో ఎవరూ ఏమీ రాయరు. నెల్లూరు కథ మళ్ళీ జరుగుతుంది.

మన ఇళ్ళల్లో ఉన్న వెండి

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మన పెద్దలు గిర్మిట్ మీద సముద్రం దాటినవాళ్ళు. గిర్మిట్ అంటే అయిదేళ్ళ కూలి ఒప్పందం. మీవాళ్ళు మారిషస్ వెళ్ళి ఉండవచ్చు. డెమెరారాకో ఫిజీకో వెళ్ళి ఉండవచ్చు. మావాళ్ళు నేటాల్ వెళ్ళారు. నేటాల్‌లో మొదటి ఏడు మగవాడికి జీతం నెలకు పది షిల్లింగులు. ఏడాదికి ఒక షిల్లింగు పెరిగి అయిదో ఏట పద్నాలుగు. అప్పటి షిల్లింగు వెండి నాణెం. అయిదు గ్రాముల మీద కొంచెం. దెనారియస్ కన్నా బరువు.

బ్యాంకు లేదు. తాళం వేసే పెట్టె లేదు. కూలి లైన్ల గదుల్లో డబ్బు ఎక్కడ దాచాలి? ఒంటి మీద దాచారు. మిగిలిన షిల్లింగులు కంసాలికి ఇస్తే కరిగించి కడియాలు చేసేవాడు. లేదా కన్నం పెట్టి మెడకు గుచ్చేవాడు. కరీబియన్ దీవుల్లో, ఫిజీలో, నేటాల్‌లో, అన్ని చోట్లా మన ఆడవాళ్ళు ఇదే చేశారు. రోము చక్రవర్తి తలకు కన్నం పెట్టినట్టే విక్టోరియా రాణి తలకూ కన్నం పెట్టారు. అంటే మన కడియం ఊరికే కడియం కాదు. అది జీతం. చెరుకు నరికి సంపాదించిన నెలలు అందులో ఉన్నాయి.

మా నాయనమ్మ చెల్లెలిని మేము చిన్నవ్వ అనేవాళ్ళం. ఆమె దగ్గర ఒక జత వెండి కడియాలు ఉండేవి. వాళ్ళ అమ్మవి. చిన్నవ్వ పోయాక ఆ ఇంటివాళ్ళు వాటిని ఒక నగల దుకాణంలో ఇచ్చేశారు. అవసరం వచ్చింది, తప్పేమీ లేదు. రసీదు మాత్రం ఇంకా ఉంది. అందులో కడియాలు ఎంత తూగాయో ఉంది. ఎవరివో లేదు. ఎవరు చేశారో లేదు. వాటి మీద ఏ పువ్వు చెక్కి ఉందో మా అక్కకు ఒకలా గుర్తు, నాకు ఇంకోలా గుర్తు. ఒక్క ఫోటో ఉన్నా మా వాదన తీరేది.

దీనికి ఎదురు ఒక సంగతి చెబుతాను. 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీలను నేటాల్‌కు తీసుకువెళ్ళింది. 1911 దాకా ఒక లక్షా 52 వేలకు పైగా మనుషులు వెళ్ళారు. ఓడ పట్టీల్లో మనిషికి ఒక సంఖ్య ఉంటుంది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు రాశారు. ప్రేమతో రాయలేదు. పారిపోతే పట్టుకోవడానికి రాశారు. పేర్లు వంకరగా రాశారు. అయినా ఈనాడు మనలో ఒకరు మా ఊరు ఫలానా అని చెప్పగలుగుతున్నారంటే ఆ వంకర రాతవల్లే. నెల్లూరు రైతుకు ఆ పాటి రాత కూడా దక్కలేదు. లెక్క కోసం ఎవరో రాసిన రాతే ఇంత మేలు చేస్తే, ప్రేమతో మనం రాసేది ఇంకెంత చేస్తుంది?

అందుకని ఈ నెల నా మాట ఇదే. వెండిని అమ్మవద్దని నేను అనను. ఇల్లు గడవాలి, పిల్లల చదువులు ఉన్నాయి. అమ్మండి, కరిగించండి, పంచుకోండి. కానీ ముందు రాసిపెట్టండి.

ఈ నెల మీ పని

ఇంట్లో ఉన్న పాత వెండి వస్తువు ఒకటి తీయండి. కడియం, కాసు, మురుగు, పట్టా, చెంచా, ఏదైనా సరే. తోమకండి. రుద్దితే అక్షరాలు, పనివాడి ముద్రలు అరిగిపోతాయి. మెత్తని గుడ్డ మీద పెట్టండి. తర్వాత ఒక కాగితం మీద తెలుగులో ఇవి రాయండి.

1. ఇది ఏమిటి? (ఇది వెండి కడియం.)
2. ఎంత తూగుతుంది? వెడల్పు ఎంత? (వంటింటి త్రాసు చాలు.)
3. దీని మీద ఏముంది? రెండు వైపులా చూసి రాయండి. (ఒక వైపు రాణి తల ఉంది.)
4. ఇది ఎవరిది? వాళ్ళ ముందు ఎవరిది? (ఇది మా అవ్వది. అంతకు ముందు వాళ్ళ అమ్మది.)
5. ఏ ఊళ్ళో చేయించారు? ఏ ఊళ్ళో వేసుకున్నారు?
6. ఈ మాటలు మీకు ఎవరు చెప్పారు? ఏ రోజు చెప్పారు?

ఆరో ప్రశ్న వదలకండి. అన్నిటికన్నా అది ముఖ్యం. తెలియనిది ఉంటే తెలియదు అని రాయండి. అందంగా ఉంటుందని ఊహించి రాయకండి. రెండు వైపులా ఫోటో తీసి, కాగితాన్ని వస్తువుతో పాటే ఉంచండి. ఇంకో ప్రతి వేరే ఇంట్లో ఉంచండి.

ఈ నెల మాటలు

కర్రు: నాగలి కింది ఇనుప ముక్క. వాక్యం: కర్రు రాయికి తగిలింది.
టంకశాల: నాణేలు చేసే చోటు. వాక్యం: ఈ నాణెం ఏ టంకశాలది?
కాసు: నాణెం. వాక్యం: అవ్వ కాసులపేరు వేసుకుంది.
కంసాలి: బంగారు, వెండి పని చేసే మనిషి. వాక్యం: కంసాలి కడియం చేశాడు.
గాటు: కోసిన గుర్తు. వాక్యం: రాజు ముఖం మీద గాటు ఉంది.
పట్టీ: వరసగా రాసిన జాబితా. వాక్యం: ఓడ పట్టీలో తాత పేరు ఉంది.
తూకం: బరువు చూడటం. వాక్యం: తూకం సరిగ్గా ఉంది.
నమోదు: పట్టీలోకి ఎక్కించడం. వాక్యం: మా కడియం నమోదు చేశాం.

ఒక వ్యాకరణం ముచ్చటతో ముగిస్తాను. 'దొరికింది' అన్నప్పుడు తెలుగులో నేను అనే మాట ముందుకు రాదు. 'నాకు దొరికింది' అంటాం. వస్తువే పని చేస్తుంది, మనం పక్కన నిలబడతాం. 'రాశాను' అన్నప్పుడు మాత్రం పని నాది. మీ కాగితాలు పత్రికకు పంపండి. మొదట వచ్చిన అయిదింటిని, పంపినవారు ఒప్పుకుంటే, వచ్చే నెల ఇక్కడే అచ్చు వేద్దాం. అక్షర దోషాలు ఉన్నా పంపండి. దిద్దడానికి నేనున్నాను.